బియ్యం ఎగుమతి కోడ్ నుంచి మొదలుపెట్టండి: వాణిజ్యం, జియోపాలిటిక్స్ వ్యాసాల పోటీకి వెళ్లేవాళ్లకు

ప్రపంచ వాణిజ్యం, జియోపాలిటిక్స్ మీద వ్యాసం రాయమంటే మొదటి వాక్యం ఏముంటుందో కాగితం తెరవకుండానే చెప్పొచ్చు. "నేటి ప్రపంచీకరణ యుగంలో ప్రపంచమంతా ఒక కుగ్రామంగా మారిపోయింది." ఆ తర్వాత పట్టు దారి, సుగంధ ద్రవ్యాలు, వాస్కో డ గామా. మూడో పేరాలో డబ్ల్యూటీవో, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ. నాలుగులో ఉక్రెయిన్. చివర్లో వసుధైక కుటుంబకం. భాష బాగుంటుంది, అక్షరదోషాలు ఉండవు, మార్కులు మాత్రం రావు. ఎందుకంటే దిద్దేవాళ్లకు ఆ వ్యాసంలో దొరకనిది ఒక్కటే: ఎవరు ఏం చేస్తే ఎవరి జేబుకు ఎంత చిల్లు పడింది, ఏ దారిన పడింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే వ్యాసానికి మూడు కావాలి. సరుకు ఒకటి, నిర్ణయం ఒకటి, తేదీ ఒకటి. అంశం "వాణిజ్యం ఆయుధంగా మారుతోందా?" అని ఎంత విశాలంగా ఇచ్చినా సరే, 1,500 పదాల్లో ఆరు సంఘటనలు పెడితే ఒక్కోదానికి 250 పదాలే దక్కుతాయి. 250 పదాల్లో సంఘటన చెప్పడమే అవుతుంది, వాదన పుట్టదు. ఒక్క సరుకు పట్టుకుంటే మాత్రం చట్టం, ఓడ, రైతు, విదేశాంగ విధానం అన్నీ దాని వెంటే వస్తాయి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సరుకుల కరువు లేదు. మాత్రలు, వ్యాక్సీన్లు, ఖమ్మం మిర్చి, నిజామాబాద్ పసుపు, పక్క రాష్ట్రం రొయ్యలు. మన ఊరి సరుకు రాస్తే స్థాయి తగ్గుతుందేమోనని చాలామంది చిప్‌ల మీద, రేర్ ఎర్త్స్ మీద పడతారు. అవి రాయొద్దని కాదు. ఎవరూ వెళ్లి చూడలేని సరుకు గురించి అందరూ ఒకే నాలుగు వెబ్‌సైట్లు చదివి రాస్తారు, వ్యాసాలన్నీ ఒక అచ్చులో పోసినట్టు వస్తాయి. సరుకు మన ఊరిదైతే వెళ్లి అడగొచ్చు, ధర చూడొచ్చు.

ఇక్కడ బియ్యాన్నే తీసుకుని, ఎక్కడెక్కడ కాలు జారుతుందో దగ్గర నుంచి చూద్దాం.

2023 జులై 20న డీజీఎఫ్‌టీ, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, 20/2023 నంబరు నోటిఫికేషన్‌తో బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అప్పటి హెచ్‌ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ కాగితాల్లో సరుకును గుర్తించే నంబరు, 1006 30 90. ఆ వారంలోనే అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు క్యూ కట్టి, సోనామసూరి సంచులు కార్లలో నింపుకుంటున్న వీడియోలు హైదరాబాద్ ఫోన్లన్నిటికీ చేరాయి. వ్యాసానికి ఇంతకంటే మంచి మొదలు ఉండదు. మొదటి పేరాలో ఆ క్యూ, ఆ తేదీ, ఆ కోడ్ పెట్టండి, కుగ్రామం అక్కర్లేదు.

ఆ కోడ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. హెచ్‌ఎస్ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, చివరి రెండు మన దేశానివి. 1006 అంటే బియ్యం, ధాన్యం అంతా. 1006 30 అంటే మరపట్టిన బియ్యం. 1006 40 నూకలు. ఉప్పుడు బియ్యానికీ బాస్మతికీ వేరే కోడ్‌లు. "భారత్ బియ్యం ఎగుమతి నిషేధించింది" అని రాసిన క్షణమే వ్యాసం తప్పుదారి పట్టినట్టు, ఎందుకంటే ఆ రోజు ఉప్పుడు బియ్యం వెళ్తూనే ఉంది, బాస్మతి వెళ్తూనే ఉంది. నూకల మీద నిషేధం 2022 సెప్టెంబర్ నుంచే ఉంది. ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం 2023 ఆగస్టు 25న వచ్చింది, అది నిషేధం కాదు. ఈ తేడాలు తెలియకపోతే లెక్క కూడా తప్పుతుంది. చాలా వ్యాసాల్లో "ప్రపంచ బియ్యంలో 40 శాతం ఆగిపోయింది" అని ఉంటుంది. 40 శాతం అనేది ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో మన మొత్తం వాటా, ఉజ్జాయింపుగా. నిషేధం పడ్డ రకం మన ఎగుమతుల్లో సుమారు 25 శాతమని ప్రభుత్వ ప్రకటనలోనే ఉంది. నలభైలో పావు, పది. అంటే ఆగింది ప్రపంచ వ్యాపారంలో సుమారు పదో వంతు. పదో వంతు ఆగినా చిన్న విషయమేమీ కాదు: ఆ ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) బియ్యం ధరల సూచీ జులై కంటే 9.8 శాతం పెరిగి పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరింది. కానీ పదిని నలభై అని రాసినవాడి మిగతా లెక్కలు ఎవరూ నమ్మరు.

తర్వాతి గొయ్యి తేదీల దగ్గర ఉంది. 2023 జులై 17న రష్యా నల్లసముద్రం ధాన్య ఒప్పందం నుంచి, అంటే యుద్ధం మధ్యలో ఉక్రెయిన్ ధాన్యం ఓడల్ని పోనిచ్చే ఏర్పాటు నుంచి, తప్పుకుంది. మన నిషేధం జులై 20న. మూడు రోజుల తేడా చూడగానే "రష్యా వల్లే భారత్ నిషేధం పెట్టింది" అని రాయబుద్ధేస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. ఆ ఒప్పందం కింద వెళ్లింది ఎక్కువగా మొక్కజొన్న, గోధుమ. నిషేధానికి ప్రభుత్వం చెప్పిన కారణం దేశంలో బియ్యం చిల్లర ధర ఏడాదిలో 11.5 శాతం, నెలలో 3 శాతం పెరగడం. ఎల్‌నినో వల్ల వానలు తగ్గుతాయన్న భయమూ ఆ రోజుల్లో గట్టిగానే ఉంది. రెంటికీ సంబంధం లేనే లేదని నేననడం లేదు. ధాన్యం ధరలు పెరుగుతాయన్న భయం ఒక గింజ నుంచి ఇంకో గింజకు పాకుతుంది. ఆ పాకడాన్ని ధరలతో చూపించగలిగితే రాయండి, లేకపోతే రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టి కారణం తేలదని ఒప్పుకోండి. ఒప్పుకున్నందుకు మార్కులు పోవు.

జియోపాలిటిక్స్ అనే మాటకు అర్థం దొరికేది ఆ నోటిఫికేషన్ చివరి భాగంలోనే. అక్కడ మినహాయింపులు ఉంటాయి. అప్పటికే ఓడలో లోడింగ్ మొదలైన సరుకు వెళ్లొచ్చు. ఇంకోటి: ఏదైనా దేశపు ప్రభుత్వం తమ ఆహార భద్రత కోసం అడిగితే, మన ప్రభుత్వం అనుమతిస్తే, ఆ దేశానికి వెళ్లొచ్చు. ఆగస్టు నెలాఖరుకు భూటాన్‌కు 79,000 టన్నులు, సింగపూర్‌కు 50,000, మారిషస్‌కు 14,000 టన్నులకు అనుమతి వచ్చింది. అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్‌కు 2,95,000 టన్నులు, నేపాల్‌కు 95,000 టన్నులు, ఇంకా కొన్ని ఆఫ్రికా దేశాలకు. సరుకు వెళ్లే మార్గం కూడా మారింది, ప్రైవేటు ఎగుమతిదారు బదులు జాతీయ సహకార ఎగుమతుల సంస్థ ద్వారా. తలుపు మూసేశారు సరే, తాళంచెవి జేబులోనే ఉంది. అడిగి తెచ్చుకున్నవాళ్లు ఎవరు, ఎంత, ఏ వరసలో? ఆ జాబితాలో పొరుగువాళ్లు ఎవరు, సముద్ర దారుల మీద ఉన్నవాళ్లు ఎవరు, కేవలం ఆకలి లెక్కన వచ్చినవాళ్లు ఎవరు? ఈ మూడు రంగుల్లో ఆ జాబితాను విడదీసి ఒక చిన్న పట్టిక వేస్తే, పోటీలో ఇంకెవరి దగ్గరా లేని పేజీ మీ దగ్గర ఉంటుంది.

చట్టం గురించి ఒక పేరా చాలు, కానీ తప్పు రాయకూడదు. "ఇది డబ్ల్యూటీవో నిబంధనలకు విరుద్ధం" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు చాలామంది. డబ్ల్యూటీవో మూల ఒప్పందాల్లో ఒకటైన గాట్‌లోని 11వ అధికరణం ఎగుమతుల మీద నిషేధాలూ కోటాలూ కూడదంటుంది, అదే అధికరణంలోని రెండో క్లాజు ఆహార పదార్థాల తీవ్ర కొరతను ఆపడానికో తగ్గించడానికో తాత్కాలికంగా ఆపుకోవచ్చని చెబుతుంది. కాబట్టి అసలు తగువు "తీవ్ర కొరత" ఉందా, పద్నాలుగు నెలలు "తాత్కాలికం" అవుతుందా అన్న దగ్గర ఉంది. తెల్లబియ్యం నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబర్ 28న, టన్నుకు 490 డాలర్ల కనీస ఎగుమతి ధరతో. ఉప్పుడు బియ్యం మీద వేసిన సుంకం సంగతి మళ్లీ వేరు, 11వ అధికరణం సుంకాలకు వర్తించదు. ఒకే పంటలో ఒక రకానికి నిషేధం, ఇంకో రకానికి సుంకం ఎందుకు పెట్టారో ఆలోచిస్తే వ్యాసం తనంతట తానే లోతుకు దిగుతుంది.

ఎదుటి వాదన గురించి. "అయితే మరోవైపు చూస్తే" అని ఒక పేరా, అందులో మూడు పొడి వాక్యాలు, మళ్లీ "ఏదేమైనా" అని వెనక్కి రావడం మనకు బడిలో పట్టిన అలవాటు. ఎదుటివాడి వాదనను అతనికంటే బాగా చెప్పగలగాలి. నిషేధం సరైనదే అని మీరు వాదిస్తున్నారనుకోండి. ఎదుటివాడు అడిగే గట్టి ప్రశ్న ఇది: నిషేధం ధరలు దించి ఉంటే, 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వమే కిలో 29 రూపాయలకు భారత్ రైస్ పేరుతో బియ్యం ఎందుకు అమ్మాల్సి వచ్చింది? దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోయారంటే దిద్దేవాళ్లు అక్కడే పెన్ను పెడతారు. జవాబు లేకపోలేదు: నిషేధం లేకుంటే ధర ఇంకెంత పెరిగేదో అన్నది ఒక వాదన. అది ఊహ కాబట్టి ఊహ అని చెప్పే రాయాలి.

రైతు మాట లేని బియ్యం వ్యాసం తెలంగాణలో రాయకూడదని నా పట్టుదల. ఇక్కడ కూడా "రైతులు నష్టపోయారు" అని గంపగుత్తగా రాస్తే కుదరదు. ఐకేపీ కేంద్రంలో, అంటే ప్రభుత్వం తరఫున ధాన్యం కొనే చోట, మద్దతు ధరకు దొడ్డు వడ్లు పోసే రైతుకూ, మిర్యాలగూడ మిల్లుకు సన్నాలు తోలే రైతుకూ ఎగుమతి ధర ఒకే దారిలో చేరదు. మొదటివాడికి కొనేది ప్రభుత్వం, ధర ముందే ఖాయం. రెండోవాడికి మిల్లరు చెప్పిందే ధర, మిల్లరుకు బయటి గిరాకీయే ధర. నిషేధం తగిలితే ఎక్కువ తగిలేది సన్నాలకే. నోటిఫికేషన్‌లోని కోడ్‌కు మాత్రం సన్నం, దొడ్డు తేడా తెలియదు. ఇదే సరుకులో తర్వాతి అధ్యాయం కావాలంటే 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు బయలుదేరిన తెలంగాణ ప్రభుత్వ బియ్యం ఓడ ఉంది, 12,500 టన్నులు, రకం ఎంటీయూ 1010. 2023లో ఆ దేశం మనల్ని అడిగి తెచ్చుకుంది, 2025లో మనమే తీసుకెళ్లి అమ్మాం. ఈ రెంటి మధ్య ఏం మారిందన్నది ఒక పూర్తి వ్యాసం.

బియ్యం వద్దనుకుంటే సుంకాల మీద రాయొచ్చు, కానీ అక్కడ ఒక మౌలికమైన తప్పు అందరూ చేస్తారు. "అమెరికా భారత్ మీద 50 శాతం సుంకం వేసింది, భారత్ కట్టాలి" అని. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు, అక్కడి కస్టమ్స్‌కు. కిలో రొయ్యల బిల్లు 10 డాలర్లు, సుంకం 50 శాతం అనుకుందాం. న్యూయార్క్‌లో దించుకున్న కంపెనీ 5 డాలర్లు కడుతుంది. ఆ 5 ఎవరి నెత్తిన పడుతుందన్నది ఆ తర్వాతి బేరం. దిగుమతిదారు కొంత ధర పెంచి అక్కడి కొనుగోలుదారు మీద వేస్తాడు, కొంత తన లాభంలో వదులుకుంటాడు, మిగతాది "ధర తగ్గించు" అని మన ఎగుమతిదారుకు మెయిల్ పెడతాడు. ఎగుమతిదారు భీమవరంలో వంద కౌంట్ ధర తగ్గిస్తాడు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, అంకె పెరిగితే రొయ్య చిన్నది. చెరువు రైతుకు ఇంకో మార్గం ఉండదు. పట్టుబడికొచ్చిన రొయ్యను నెల రోజులు ఆపుకుంటే మేత ఖర్చు, రోగం భయం. ఎవరు ఆగలేరో వాళ్ల మీదే ఎక్కువ భారం పడుతుంది. సుంకం గురించి తెలుసుకోవాల్సిన అర్థశాస్త్రంలో సగం ఈ ఒక్క మాటలో ఉంది.

అదే దెబ్బ హైదరాబాద్ మాత్రలకు తగల్లేదు. అమెరికా 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, మనం రష్యా చమురు కొంటున్నామన్న పేరు చెప్పి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం వేసినప్పుడు మందులను ఆ సుంకాల నుంచి మినహాయించారు. రొయ్యల మీదైతే అప్పటికే మరీ చవగ్గా దించుతున్నారని వేసే యాంటీ డంపింగ్, ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు వేరే ఉన్నాయి, ఇవి వాటి పైన కలిశాయి. మందులను ఎందుకు వదిలారు? రొయ్య దొరక్కపోతే ఈక్వెడార్‌ది తింటారు, చవక జనరిక్ మాత్రకు అంత తొందరగా మారు దొరకదు. వాళ్లు మన మీద ఆధారపడ్డట్టే మనమూ ఇంకొకరి మీద ఆధారపడ్డాం, మన మాత్రల ముడి పదార్థాల్లో పెద్ద భాగం చైనా నుంచి వస్తుంది. 2020లో బల్క్ డ్రగ్స్‌కు 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం పెట్టింది అందుకే. ఇలాంటి రేట్ల గురించి రాసేటప్పుడు ప్రతి అంకె పక్కన తేదీ ఉండి తీరాలి. ఇవి నెలల్లో మారిపోతాయి. మీరు జూన్‌లో రాసింది ఆగస్టులో దిద్దితే, తేదీ లేని రేటు అబద్ధమైపోతుంది.

అంకెల్లో ఇంకా నాలుగు చోట్ల పొరపాట్లు ఖాయంగా కనిపిస్తాయి. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. బిలియన్‌ను కోటి అని రాసిన కాగితాలూ ఉంటాయి. వ్యాసమంతా ఒకే పద్ధతిలో ఉండాలి, కోట్లలో మొదలుపెట్టి మధ్యలో బిలియన్లకు దూకకూడదు. మన లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా, ఐక్యరాజ్యసమితి వాణిజ్య గణాంకాల సైట్ కామ్‌ట్రేడ్‌లో ఎక్కువగా జనవరి నుంచి డిసెంబర్ దాకా, రెంటినీ ఒకే పట్టికలో పోస్తే రాని పెరుగుదల వచ్చినట్టు కనిపిస్తుంది. ఎగుమతిని ఎఫ్‌ఓబీ విలువతో, అంటే రేవులో ఓడెక్కే వరకు అయిన ధరతో లెక్కిస్తాం. దిగుమతిని సీఐఎఫ్‌తో, అంటే బీమా, ఓడ కిరాయి కలిపి లెక్కిస్తాం. అందుకే మనం పంపామన్న అంకె, వాళ్లు తెచ్చుకున్నామన్న అంకె కలవవు. అందులో కుట్ర ఏమీ లేదు. ఇక శాతం, శాతం పాయింట్ల గొడవ: సుంకం 25 నుంచి 50కి పెరిగితే 25 శాతం పాయింట్లు పెరిగినట్టు, శాతంలో చెబితే నూరు శాతం.

ఇంకో మాయ గమ్యస్థానాల్లో ఉంది. మన ఎగుమతుల జాబితాలో నెదర్లాండ్స్ అంత పైన ఎందుకుందో చూసి "డచ్చివాళ్లకు మన డీజిల్ అంటే ఎంతో ఇష్టం" అనుకోవద్దు. అక్కడ రోటర్‌డామ్ రేవు ఉంది, సరుకు అక్కడ దిగి యూరప్ అంతా పోతుంది. యూఏఈ, సింగపూర్‌ల అంకెల్లో కూడా ఇలాంటిదే కొంత ఉంటుంది.

అంకెలు ఎక్కడ దొరుకుతాయంటే, వాణిజ్య మంత్రిత్వ శాఖ ట్రేడ్‌స్టాట్ వెబ్‌సైట్ ఉచితం. ఎగుమతి ఎంచుకుని, కోడ్ కొట్టి, సంవత్సరం పెట్టి, దేశాల వారీగా అడగండి. పట్టిక పైన చిన్న అక్షరాల్లో యూనిట్ ఉంటుంది, దాన్ని చూడకుండా కాపీ చేస్తే వెయ్యి రెట్లు తేడా వస్తుంది. అసలు నోటిఫికేషన్లు డీజీఎఫ్‌టీ సైట్‌లో, ప్రభుత్వం చెప్పిన కారణాలు దాని పత్రికా ప్రకటనల విభాగం పీఐబీలో. ఎర్ర సముద్రం, సూయజ్ మీద రాసేవాళ్లకు ఐఎంఎఫ్ వాళ్ల పోర్ట్‌వాచ్‌లో రోజుకు ఎన్ని ఓడలు దాటాయో కనిపిస్తుంది, 2023 నవంబర్‌లో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ ఓడను పట్టుకున్న తర్వాత ఆ గీత ఎలా పడిపోయిందో ఒక బొమ్మలో తెలుస్తుంది. పాత పత్రికలు, పుస్తకాలకు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. తెలంగాణ వ్యవసాయం మీద అధ్యయనాలకు బేగంపేటలో సెస్, అంటే ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం. ఏఐ చాట్‌బాట్‌ను అడిగి రాసుకునేవాళ్లకు ఒకే హెచ్చరిక: అది చెప్పిన నివేదిక పేరు, పేజీ నంబరు మీరు తెరిచి చూడనిదే వ్యాసంలోకి రానివ్వొద్దు. లేని నివేదికలకు పేర్లు పెట్టడంలో దానికి మంచి నేర్పుంది.

మనుషుల్ని అడగడం ఇంకా మంచిది. సముద్రం లేని హైదరాబాద్‌లో సనత్‌నగర్ కంటైనర్ డిపోయే రేవు లాంటిది, పెట్టె ఇక్కడ సీలు పడి రైలెక్కి ముంబై దగ్గరి నవాశేవాకో ఇంకో రేవుకో పోతుంది. ఆ వ్యాపారంలో ఉన్న సీహెచ్‌ఏనో (కస్టమ్స్ పనులు చేసిపెట్టే ఏజెంటు) ఫార్వర్డర్‌నో (సరుకు రవాణా ఏర్పాటు చేసేవాడు) పదిహేను నిమిషాలు అడగండి. "జియోపాలిటిక్స్ మీద మీ అభిప్రాయం ఏమిటి" అని అడిగితే టీ తాగించి పంపించేస్తారు. అడగాల్సింది: యూరప్‌కు ఇరవై అడుగుల పెట్టె కిరాయి ఎర్ర సముద్రం గొడవకు ముందెంత, తర్వాతెంత? ఎన్ని రోజులు ఎక్కువ పట్టింది? ఆ కిరాయి అమ్మేవాడు కట్టాడా, కొనేవాడు కట్టాడా? ఖాళీ పెట్టెలు దొరికాయా? ఆఫ్రికా చుట్టూ తిరిగితే పది నుంచి పద్నాలుగు రోజులు ఎక్కువ అని అందరూ రాస్తారు. ఆ రోజులన్నీ పెట్టె సముద్రం మీదే ఉండటంతో ఖాళీ పెట్టె వెనక్కి రాక ఇక్కడ కొరత పడిందన్న సంగతి మాత్రం ఇలా అడిగినవాళ్లకే తెలుస్తుంది. చెప్పినాయన పేరు వ్యాసంలో వేయొద్దు, "నగరంలోని ఒక సరుకు రవాణాదారు" చాలు.

చరిత్ర పెట్టాలనిపిస్తే పట్టు దారి వదిలేయండి, మనకు కోస్తా ఆంధ్ర తీరంలోని పాత రేవు మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం సారాంశం ఇది: తుపానుకు ఓడ విరిగి ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాక్కునేవారు, మేం న్యాయమైన సుంకం తప్ప ముట్టుకోం, సుంకం ముప్పైలో ఒక వంతు. రాజు ఎందుకంత దయ చూపాడు? విదేశీ వర్తకుడికి సముద్రం వల్ల వచ్చే భయం రాజు తీర్చలేడు, ఒడ్డున ఉన్న రాజు భయం తీర్చగలడు. భయం తగ్గితే ఓడలు వస్తాయి, ఓడలొస్తే సుంకం వస్తుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో యుద్ధ ప్రమాద బీమా ప్రీమియం పెరిగి ఓడలు దారి మళ్లడం ఇదే సూత్రానికి ఇంకో వైపు. ఇలా వాడితే శాసనం వాదనలో పనిచేస్తుంది. "మన పూర్వీకులు గొప్ప వర్తకులు" అని వాడితే గోడకు కట్టిన మామిడాకుల తోరణం.

సిద్ధాంతం పేరుతో చాలామంది ఇంగ్లండ్ ఆర్థికవేత్త రికార్డోను తెస్తారు. 1817లో ఆయన చెప్పిన బట్ట, వైన్ ఉదాహరణ అందరికీ తెలుసు: పోర్చుగల్‌కు వైన్‌కు 80 మంది, బట్టకు 90 మంది ఏడాది శ్రమ, ఇంగ్లండ్‌కు 120, 100. రెండిట్లోనూ పోర్చుగల్‌ది పైచేయి అయినా, వైన్ చేసి బట్ట కొనుక్కుంటే ఇద్దరికీ లాభం. దీన్ని ఎత్తి రాసి ఊరుకుంటే పాఠం అప్పజెప్పినట్టే. అయితే ఇంగ్లండ్ పోర్చుగల్ వైనే ఎందుకు తాగింది? 1703 మెథ్యూన్ ఒప్పందం ప్రకారం పోర్చుగల్ వైన్ మీద సుంకం ఫ్రెంచి వైన్ కంటే మూడో వంతు తక్కువ, ఎందుకంటే అప్పుడు ఇంగ్లండ్‌కు ఫ్రాన్స్‌తో యుద్ధం. స్వేచ్ఛా వాణిజ్యానికి అందరూ చెప్పే ఉదాహరణ పునాదిలోనే యుద్ధం ఉంది. ఈ రెండు వాక్యాలు ఉన్న వ్యాసాన్ని ఎవరూ పక్కన పెట్టరు.

కొలతల సంగతి. 1,500 పదాల పరిమితి ఉంటే మొదలుకు 120 మించనివ్వొద్దు, నేపథ్యానికి 200, అసలు యంత్రాంగానికి, అంటే ఏది కదిపితే ఏది కదిలిందో చెప్పే భాగానికి, 600 దాకా. ఎదుటి వాదన, దాని జవాబు 350. మిగిలింది మీ తీర్పుకు. తెలుగులో రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: విభక్తులు పదంలోనే కలిసిపోతాయి కాబట్టి ఇంగ్లిష్‌లో 1,500 పదాలయ్యే విషయం మనకు వెయ్యి, పదకొండు వందల్లో అయిపోతుంది. పరిమితి ఒకటే అయితే తెలుగులో రాసేవాళ్లకు ఇంకో ఉదాహరణకు చోటు దొరుకుతుంది, ఊకదంపుడుతో నింపొద్దు. హాల్లో కూర్చుని గంటన్నరలో రాసే పోటీ అయితే మొదటి పది నిమిషాలు పెన్ను కాగితం మీద పెట్టకండి, చిత్తు కాగితం మీద సరుకు, నిర్ణయం, తేదీ, ఎవరు కట్టారు అన్న నాలుగూ తేలాకే మొదలుపెట్టండి. చివరి పది నిమిషాలు అంకెలు మాత్రమే మళ్లీ చదవండి.

పారిభాషిక పదాలకు రెండు నాల్కలు వద్దు. ఒకచోట "టారిఫ్", ఇంకోచోట "సుంకం", మూడోచోట "పన్ను" అంటే మూడు వేర్వేరు సంగతులనుకుంటారు. సుంకం అని మొదలుపెడితే చివరిదాకా సుంకమే. ఆంక్షలు వేరు, నిషేధం వేరు, కోటా వేరు.

ఇక ఫైలు పంపే రోజు. ఏటా కొన్ని మంచి వ్యాసాలు ఎవరూ చదవకుండానే పోయేది ఇక్కడే. కోఠీలో డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయించి వర్డ్ ఫైలు పంపితే, అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే, అక్షరాల బదులు పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోనే టైపు చేయండి, గౌతమి, మండలి, నోటో ఏదైనా సరే. పీడీఎఫ్ చేశాక ఒత్తులు విడిపోయాయేమో చూడండి, కొన్ని ఫోన్ యాప్‌లు "రాష్ట్రం"ను ముక్కలు చేసి ఇస్తాయి. మీ ఫోన్‌లో కాకుండా ఇంకొకరి ఫోన్‌కు పంపి తెరిపించండి. అన్ని పేజీలూ వచ్చాయా, పట్టికలో అంకెలు గడి దాటి పోయాయా, పోటీ వాళ్లు వద్దన్నచోట మీ పేరు, కాలేజీ పేరు ఉండిపోయాయా చూసుకోండి. ఫైలు ప్రాపర్టీస్‌లో కూడా పేరు దాక్కుని ఉంటుంది, అక్కడ డీటీపీ షాపు పేరు కూడా ఉండొచ్చు, తీసేయండి.